రిసోర్స్ పర్సన్ కావాలన్నాను

ఆ రోజుల్లో మాకు ఉద్యోగం రావడమే లక్ష్యం. వచ్చిన తర్వాత కూడా మనిషికి లక్ష్యాలుండాలని మాకెవరూ చెప్పలేదు. మా తిరుమలగిరి దిక్కు జీవాలు కాసుకుంటూ (గొర్రెల్ని, మేకల్ని మేము జీవాలనే అంటాం), బోరు కింద ఇంత పత్తి వేసుకుంటూ బతికే ఇళ్లలోంచి ఒక ఆడపిల్ల బీఈడీ చేసి, పరీక్ష రాసి, సర్కారు బడిలో లెక్కల మేడం అయిందంటే ఇక ఆ కథ అక్కడితో సుఖాంతం అయినట్టే. చూసినవాళ్లంతా "ఇగ నీకేం బిడ్డా, సెటిలైనవ్" అనేవాళ్లు. నేనూ అదే నమ్మాను. కోదాడకు అవతల, అనంతగిరి వైపున్న హైస్కూల్లో చేరిన మొదటి రోజు సుద్దముక్క చేతిలోకి తీసుకుని, నేర్చుకోవడం అయిపోయింది, ఇక నేర్పడమే మిగిలింది అనుకున్నాను. చీర కుచ్చిళ్లు జారకుండా అరడజను పిన్నీసులు పెట్టుకుని, నడుస్తుంటే గుచ్చుకుంటున్నా గంభీరంగా మొహం పెట్టిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అప్పటికి సూర్యాపేట ఇంకా జిల్లా కాలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఒకే జిల్లాలో ఉండేవి కాబట్టి ట్రైనింగులంటే మమ్మల్ని ఈ మూడూళ్ల మధ్య బస్సుల్లో తిప్పేవాళ్లు. అలా ఒకసారి సూర్యాపేటలో లెక్కల టీచర్లకు ట్రైనింగ్ పెట్టారు. చివరి రోజు మధ్యాహ్నం, పప్పు, వంకాయ కూరతో భోజనం చేసి వచ్చి, హైవే మీద పోయే లారీల మోతను జోలపాటలాగా వింటూ సగం హాలు కునుకు తీస్తున్న వేళ, ట్రైనింగ్ నడిపే పెద్దాయన మైకు పట్టుకున్నారు. ఆయన్ని మేమంతా డైరెక్టర్ సారు అనేవాళ్లం. "ఒక్కొక్కరు లేచి, వచ్చే ఏడాదిల మీరు టీచర్‌గ ఏం నేర్చుకుంటరో, ఎక్కడిదాక ఎదుగుతరో చెప్పాలె" అన్నారాయన. హాల్లో నిద్ర ఎగిరిపోయింది. ఒకాయన లేచి "పిల్లలకు బాగ చెప్తా సార్" అన్నాడు. పక్కాయన "నేను ఇంకా బాగ చెప్తా సార్" అన్నాడు. తర్వాత లేచినవాళ్లంతా ఆ రెంటిలో ఏదో ఒకటి అని కూర్చున్నారు.

నా వంతు వచ్చేసరికి ఆ రెండు మాటలూ అరిగిపోయాయి. కొత్తగా ఏదైనా అనాలి. ఆ ట్రైనింగులో మాకు పాఠాలు చెప్పేవాళ్లను అందరూ 'రిసోర్స్ పర్సన్' అంటుంటే, బాగా చదువుకున్న మనిషిని గౌరవంగా అలా పిలుస్తారు కాబోలు అనుకున్నాను. అదొక పని అనీ, దానికి ఆర్డరు కాగితం ఉంటుందనీ నాకు తెలియదు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "నేను మంచి రిసోర్స్ పర్సన్‌ను కావాలనుకుంటున్నాను సార్" అన్నాను.

హాలంతా ఒక్కసారి నా వైపు తిరిగింది. డైరెక్టర్ సారు మొహం వెలిగిపోయింది. "సూడుండ్రి, ఈ మేడం ఒక్కరే ధైర్యంగ చెప్పిన్రు. మిర్యాలగూడ బ్యాచ్‌కు ఇంగ్లీష్ మీడియంల లెక్కలు చెప్పేటోళ్లు దొరుకుతలేరని నేను పరేషాన్ అయితున్న. సీనియర్లందరు మాతోటి కాదన్నరు. ఇగ దొరికిన్రు. మేడం పేరు రాసుకోండి" అన్నారు. చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాళ్లు ఆ సీనియర్లే. ప్రభుత్వ బడుల్లో కొత్తగా ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరుస్తున్న కాలం అది. ఇంగ్లీషులో లెక్కలు ఎలా చెప్పాలో ఇంగ్లీషులోనే చేసి చూపించే పని నా నెత్తిన పడింది. నేను ఒకటో తరగతి నుంచి బీఈడీ దాకా తెలుగు మీడియం. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతా కలిపితే ఒక సెలవు చీటీకి సరిపోయేది.

మర్నాడు బడికి వెళ్లి మా హెడ్మాస్టరు గారికి సంగతి చెప్పాను. ఆయనది కోదాడే, మాట ఆంధ్ర వైపు మాటలాగా ఉండేది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీరలా అన్నారా అమ్మా?"

"అన్న సార్."

"ఎందుకన్నారు?"

"ఏదో ఒకటి అనాలె గద అని అన్న సార్."

"నా సర్వీసంతా నేను ఏమీ అనకుండా నెట్టుకొచ్చాను. మీరు చేరి రెండేళ్లయినా కాలేదు, అప్పుడే అనేశారు" అని ఆయన కాసేపు నన్ను జాలిగా చూశారు. మంచి మనిషి. "పోనీ, నా వల్ల కాదని ఒక ముక్క రాసివ్వండి. నేను పైకి పంపిస్తాను. దాందేముంది" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆదివారం ఊరికి వెళ్లొచ్చి సోమవారం రాసిస్తానని చెప్పాను.

ఇక్కడ నేను చేసిన ఇంకో పని చెప్పాలి. చప్పట్లు మోగిన ఆ సాయంత్రమే, భయం ఇంకా పూర్తిగా పట్టుకోకముందే, సూర్యాపేట బస్టాండు నుంచి మా నాయనకు ఫోన్ చేసి "నాయనా, నన్ను రిసోర్స్ పర్సన్‌ను చేసిన్రు" అని చెప్పాను. వెనక బస్సుల హారన్లు, అటు నాయన చుట్టూ జీవాల అరుపులు. ఆయనకు ఏం వినపడిందో నాకు ఆదివారం దాకా తెలియలేదు.

ఆదివారం తిరుమలగిరిలో బస్సు దిగి ఇంటికి వెళ్లేసరికి మా అరుగు మీద నలుగురైదుగురు మనుషులున్నారు. నాయన వాళ్లకు చాయ పోస్తున్నాడు, మొహంలో ఎప్పుడూ లేని దర్జా. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన, నేను చిన్నప్పటి నుంచి పెద్దనాయన అని పిలిచే మనిషి, దగ్గరికి వచ్చి మెల్లగా మొదలుపెట్టాడు.

"బిడ్డా, నువ్వు రీసర్వేల పెద్ద ఆఫీసర్‌వయినవంట గద. మా గట్టు సంగతి నీకెర్కనే. వీడు ఏడాదికింత జరుపుకుంట జరుపుకుంట మా చెల్క దిక్కు వస్తున్నడు. నువ్వే జర కొల్సి సెప్పాలె."

'వీడు' ఆయన పక్కనే కూర్చుని చాయ తాగుతున్నాడు. "కొల్వనియ్ బిడ్డా, నాకేం బయం. నీ లెక్క నాకు కబూలే" అన్నాడు నిబ్బరంగా. వెనక ఇంకో ఇద్దరు తమ వంతు కోసం పాసుపుస్తకాలు సంకలో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. రిసోర్స్ అన్న మాట ఆ హారన్లలో నలిగి, మా నాయన చెవిలోకి రీసర్వే అయి చేరిందన్నమాట.

నేను చెమటలు తుడుచుకుంటూ, "పెద్దనాయనా, అది రీసర్వే కాదు, రిసోర్స్ పర్సన్. భూములు కొల్సుడు కాదు. సార్లకు, మేడంలకు పాఠం ఎట్ల సెప్పాల్నో సెప్పుడు" అన్నాను. నాయన చాయ గిన్నె కింద పెట్టాడు.

"అంటే భూమి కొల్సేదే లేదా?"

"లేదు నాయనా."

"సార్లకే సెప్పుడా?"

"ఔ."

"వాళ్లు ఇంటరా?"

"గదే నాకు గూడ డౌటు" అన్నాను. ఇక్కడే నా వల్ల కాదనబోతున్న సంగతి కూడా చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా నాయన గట్టు తగాదావాళ్ల వైపు తిరిగి, "ఇన్నరా, సార్లకే సార్ అంట మా బిడ్డ" అన్నాడు. నేను నిజంగానే రీసర్వే ఆఫీసర్నయినా ఆయన గొంతులో అంత గర్వం పలికేది కాదు. నా నోరు మూతబడింది. ఆయన ఆ మాట అరుగుతో ఆపలేదు. సాయంత్రం సూర్యాపేట బస్సెక్కితే కండక్టరు టికెట్ కొడుతూ, "సార్లకు సార్ అయినవంట గద మేడం, మీ నాయన సెప్పిండు" అన్నాడు. సోమవారం హెడ్మాస్టరు గారు కాగితం కోసం చెయ్యి చాపితే, "రాస్తలేను సార్. పోత" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని నన్ను మరోసారి చూశారు.

పోతానని అన్నాను గానీ, ఎలా పోవాలి? కోదాడలో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ ఇంగ్లీషు మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రాలు తన వరండాలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పేది. ఆమె దగ్గరికి వెళ్లి నన్ను ఎట్లైనా తయారుచేయమని అడిగాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. "మీకు విడిగా చెప్పడానికి నాకు టైమెక్కడిదమ్మా. మాట వినపడాలి, నోట పలకాలి, అంతే. సాయంత్రం వచ్చి పిల్లలతోపాటు కూర్చోండి" అన్నది. నేను సర్కారు టీచర్ని, చాప మీద ఎనిమిదో తరగతి పిల్లలతో ఎలా కూర్చుంటానని మనసులో గింజుకున్నాను. సాయంత్రం వెళ్లి కూర్చున్నాను.

నా పక్కన రెండు జడల పిల్ల ఒకతి. నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఓనరమ్మ వినకుండా చెవి దగ్గరికి వచ్చింది. "అక్కా, మీరు ఎన్నిసార్లు ఫెయిలయ్యారు?"

"ఇంక పరీక్ష రాయలేదు" అన్నాను (అబద్ధం కాదు, నా పరీక్ష మిర్యాలగూడలో ఉంది).

"భయపడకండి. మా మామయ్య కూడా చాలాసార్లు రాశాడు. ఇప్పుడు మొబైల్ షాపు పెట్టుకున్నాడు" అని ధైర్యం చెప్పి, తన కంపాసు పెట్టె మధ్యలోకి జరిపింది. ఇంతలో ఓనరమ్మ మైనస్ మూడును మైనస్ రెండుతో గుణిస్తే ఎంతని ఇంగ్లీషులో నన్ను అడిగింది. నేను ఠక్కున "ధన ఆరు" అన్నాను. "ఇంగ్లీషులో" అన్నదామె. "పాజిటివ్ సిక్స్" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పగలంతా బడిలో లెక్కలు చెప్పి వచ్చిన నేను, రెండు మూళ్లు ఆరని చెప్పినందుకు ఆ రాత్రి అన్నం తింటూ కూడా మురిసిపోయాను.

కోదాడ అంత పెద్ద ఊరేం కాదు. మా బడి పిల్లవాడి తండ్రి ఒకాయన, తన చెల్లెలి కూతుర్ని ట్యూషన్ నుంచి తీసుకుపోవడానికి వచ్చి, చాప మీద బాసింపట్టు వేసుకున్న నన్ను చూశాడు. "నమస్తే మేడం" అన్నాడు అలవాటుగా. తర్వాత నా ఒళ్లోని నోటుబుక్కు చూసి, ఇంకేమనాలో తోచక అమ్మాయిని బండెక్కించుకుని వెళ్లిపోయాడు. తెల్లారి నేను క్లాసులో అడుగుపెట్టగానే పిల్లల మొహాల్లో ఏదో తేడా. ముందు బెంచీ పిల్ల లేచింది.

"మేడం, మీరు కోదాడలో ట్యూషనుకెళ్తున్నారంట కదా?"

కాదనబోయాను. నలభై జతల కళ్లు. "ఔ, పోతున్న" అన్నాను.

"మీకు హోంవర్కు ఇస్తారా?"

"ఇస్తరు."

"చేశారా?"

నేను బ్యాగులోంచి తీసి చూపించాను. ఆ పుస్తకం క్లాసంతా చేతులు మారింది. ఓనరమ్మ ఎర్ర ఇంకుతో కొట్టేసిన స్పెల్లింగుల దగ్గర ఆగి ఆగి చదువుకున్నారు. నాకు పరువు పోయిందనిపించింది, కానీ పోయింది పరువు కాదు, పిల్లల బెరుకు. ఆ రోజు దాకా హోంవర్కు అడిగితే నేలచూపులు చూసే పిల్లలు, అప్పట్నుంచి నేను గుమ్మంలోకి రాగానే "మేడం, మీ హోంవర్కు?" అని అడగడం, చూశాక తమది తీసి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ వాడు కూడా ఒకరోజు లేచి, "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుద్ది మేడం?" అని అడిగాడు. "గట్లనే ఉంటది, రాసుకో" అన్నాను. అనేశాక ఆ మాట నాకే నచ్చలేదు. సాయంత్రం అదే ప్రశ్న తీసుకెళ్లి ఓనరమ్మను అడిగాను. ఆమె చెప్పలేదు. "మైనస్ రెండును మూడుతో, రెండుతో, ఒకటితో, సున్నాతో గుణించి కింద కింద రాయండి. రాసి చూస్తూ కూర్చోండి" అన్నది.

రాశాను. మైనస్ ఆరు, మైనస్ నాలుగు, మైనస్ రెండు, సున్నా. ప్రతి మెట్టుకూ రెండు పెరుగుతోంది. తర్వాతి మెట్టు మైనస్ ఒకటి. సున్నా మీద రెండు పెరిగితే ప్లస్ రెండు. పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నేను అన్నేళ్లు చదివి, పరీక్షలు రాసి, ఉద్యోగం తెచ్చుకుని, పిల్లలకు చెబుతున్న ఆ సూత్రం మొదటిసారి నాకు అర్థమయింది. పక్కనున్న రెండు జడల పిల్ల "ఏమైందక్కా, రావట్లేదా?" అని అడిగింది. వచ్చిందని చెప్పాను.

మిర్యాలగూడ రోజు రానే వచ్చింది. బస్సు దిగేసరికి రైసు మిల్లుల్లో ఉడికే వడ్ల వాసన ఊరంతా కమ్ముకుని ఉంది. ట్రైనింగ్ హాలు బయట చూస్తే మా నాయన. తెల్ల ధోవతి, ఇస్త్రీ చేసిన అంగీ, భుజాన కొత్త తువ్వాలు. పొద్దున్నే తిరుమలగిరిలో బస్సెక్కి, సూర్యాపేటలో మారి, నాకంటే ముందే వచ్చేశాడు. "నీ పని నువ్వు జేసుకో బిడ్డా. నేను ఎన్కకు కూసుండి సూసి పోత" అన్నాడు. వద్దనే ధైర్యం నాకు లేదు. నేను మా ఓనరమ్మ చెప్పిన వాక్యాలు వల్లించుకుంటూ లోపల బోర్డు తుడుస్తుంటే, డైరెక్టర్ సారు వెనక వరసలోకి వెళ్లి, ఎవరో దూరపు మండలం నుంచి వచ్చిన పెద్ద టీచరనుకుని నాయనకు నమస్కారం పెట్టడం కనపడింది. మాటలు నా దాకా వినపడ్డాయి.

"ఎక్కడి నుంచి వచ్చిన్రు సార్?"

"తిరుమలగిరి సార్."

"ఏం చెప్తరు అక్కడ?"

నాయనకు ప్రశ్న ఏమర్థమైందో గానీ, ఏం చేస్తావని అడిగినట్టే జవాబిచ్చాడు. "జీవాలు సార్."

"ఓ, జీవశాస్త్రమా. ఇది లెక్కల బ్యాచ్ గద సార్. మీ సైన్సోళ్లది వచ్చే వారం."

"ఫరవాలేదు సార్, ఈ పొద్దుకు గీడనే కూసుంట" అన్నాడు నాయన మర్యాదగా. డైరెక్టర్ సారు ఆయన శ్రద్ధకు ముచ్చటపడి, చాయ, బిస్కెట్లు అక్కడికే పంపించారు.

నాకు నవ్వడానికి తీరిక దొరకలేదు. ఎందుకంటే అదే సమయానికి గుమ్మంలోంచి ఒక మనిషి లోపలికి వచ్చారు. తెల్లబడ్డ మీసాలు, చేతిలో గొడుగు. తిరుమలగిరి హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన సారు. బదిలీ మీద అటువైపు వచ్చి, రిటైర్మెంటు దగ్గర్లో ఉన్నారని తర్వాత తెలిసింది. ఆయనంటే మాకు ఎంత భయమంటే, ఆయన గొడుగు దూరం నుంచి కనపడితే ఎక్కాలు వాటంతటవే నోట్లోకి వచ్చేవి. క్లాసులో ఎవరైనా ఎందుకని అడిగితే, "సూత్రం గట్లనే ఉంటది, రాసుకో" అనేవారు. (మా బడిలో నేను చివరి బెంచీ వాడితో అన్న మాట ఎక్కడ నేర్చుకున్నానో అప్పుడు గుర్తొచ్చింది.) ఆయన నేరుగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నేను వేదిక మీద చేతులు కట్టుకుని నిలబడిపోయాను. "నమస్తే సార్" అన్నాను. ఆయన తల పైకెత్తి, నన్ను పోల్చుకున్నారో లేదో, ముప్పై ఏళ్ల అలవాటు చొప్పున "ఆఁ, కూసో" అన్నారు.

నేను కూర్చున్నాను. పాఠం చెప్పాల్సిన మనిషిని, వేదిక మీద కుర్చీలో బుద్ధిగా కూర్చుండిపోయాను. తర్వాత హాలంతా గొల్లుమంది. సారుకు కూడా సంగతి అర్థమై, మీసాల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వే నన్ను కాపాడింది. అంతకంటే పోయే పరువేమీ మిగల్లేదు కాబట్టి, లేచి ఓనరమ్మ నేర్పిన మొదటి వాక్యంతో పాఠం మొదలుపెట్టాను.

ఇంగ్లీషు తప్పుల్లేకుండా మాట్లాడానని చెప్పను. ఒకచోట గుణించడాన్ని కూడటం అన్నాను, ఇంకోచోట వాక్యం మధ్యలో ఆగిపోతే ఎవరో వెనక నుంచి అందించారు. కానీ ఆ గుణకారాలు మెట్టు మెట్టుగా బోర్డు మీద రాస్తూ దిగి, సున్నా దగ్గర ఆగి, తర్వాత ఏం రావాలని అడిగినప్పుడు, ఎన్నో ఏళ్లుగా ఆ సూత్రం చెబుతున్న టీచర్లందరూ ఒకేసారి "టూ" అన్నారు. ఆ శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంతా సవ్యంగా ముగిసిందని నేను సుద్దముక్క కింద పెట్టబోతుండగా ముందు వరసలో సారు లేచారు.

"వరుస మంచిగున్నది. కని, వరుస అట్లనే పోవాల్నని ఏమున్నది? అది రుజువు కాదు గద" అన్నారు.

డైరెక్టర్ సారు నా వైపు చూశారు. వెనక నాయన చాయ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా చూస్తున్నాడు. గట్లనే ఉంటది, రాసుకోండి అనడానికి ఎంతసేపు? ఆ మాట పళ్ల దాకా వచ్చింది. మింగేశాను. "ఐ డోంట్ నో సర్. ఐ విల్ లర్న్" అన్నాను. ఆ రోజు మొత్తంలో నేను తడబడకుండా మాట్లాడిన ఇంగ్లీషు అదే.

సారు వెంటనే కూర్చోలేదు. "నాకు గూడ తెల్వదు. నీకెర్కనేమోనని అడిగిన" అన్నారు. అని, ముందుకు ఒక అడుగు వేసి ఆగి, బోర్డు వైపు చూపించి, "మేడం, నేనొచ్చి జర ప్రయత్నం జెయ్యొచ్చునా?" అని అడిగారు.

నన్ను మేడం అన్నారని నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తలూపాను. తర్వాత జరిగింది నేను ఎవరికి చెప్పినా పూర్తిగా చెప్పలేను. ఆయన ఒకటి రాసేవారు, నేను కాదనేదాన్ని, మూడో వరసలోంచి ఇంకో మేడం లేచి ఇంకోటి రాసేది. భోజనానికి పిలుపు వచ్చింది, ఎవరూ కదల్లేదు. చివరికి సారు, రెండు, మైనస్ రెండు కలిస్తే సున్నా కదా, ఆ సున్నాను మైనస్ మూడుతో గుణించినా సున్నానే రావాలి కదా అని ఒక లైను రాశారు. అక్కడి నుంచి నేను అందుకున్నాను. అందులో ఒక ముక్క, రెండు ఇంటూ మైనస్ మూడు, మైనస్ ఆరు. మొత్తం సున్నా కావాలంటే రెండో ముక్క ప్లస్ ఆరే కావాలి, ఇంకోటి కావడానికి వీల్లేదు. మైనస్ మూడు ఇంటూ మైనస్ రెండు, ప్లస్ ఆరు. సారు బోర్డును చూస్తూ, సుద్ద అంటిన వేళ్లతోనే మీసాలు దువ్వుకుని మరింత తెల్లగా చేసుకున్నారు. తర్వాత వెళ్లి తన చోట కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి, బోర్డు మీద ఉన్నదంతా రాసుకున్నారు.

సాయంత్రం బస్టాండులో నాయనకు సూర్యాపేట బస్సు చూపించడానికి వెళ్లాను. బస్సెక్కే ముందు ఆయన ఆగి, "నువ్వేం సెప్పినవో నాకేం సమజ్ గాలే బిడ్డా. కని ఆ ముసలి సారు లేడా, గాయిన రాసుకుంటుండె. నేను సూసిన" అన్నాడు. కిటికీ పక్కన సీటు దొరికితే, దాని మీద కొత్త తువ్వాలు పరిచి, రాజులాగా కూర్చుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత చాలా ట్రైనింగుల్లో నేను చెప్పాను, అంతకంటే ఎక్కువ ట్రైనింగుల్లో కూర్చుని విన్నాను. ఇంగ్లీషు వచ్చింది. కంప్యూటరు వచ్చింది. ఈ మధ్య మా బడికి వచ్చిన పెద్ద డిజిటల్ బోర్డు మాత్రం నా మాట ఇంకా సరిగ్గా వినడం లేదు, తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర నేర్చుకుంటున్నాను. ఏటా బడి తెరిచినప్పుడు, ఈ ఏడు ఏం నేర్చుకుంటారని పైనుంచి అడిగితే, కొత్తగా చేరిన టీచర్లు (ఇప్పుడు వాళ్లు నాకు పిల్లల్లాగే కనపడుతున్నారు) ఏం రాయాలి మేడం అని నా చుట్టూ చేరతారు. నిజంగా మీకు రానిది ఏదైనా రాయండి అని చెబుతాను. వాళ్లకు అది వేళాకోళంలా వినపడుతుందని తెలుసు.

ఎన్ని చేసినా, నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మాత్రం నాయన బస్సు వెళ్లిపోయాక నేను ఎక్కిన కోదాడ బస్సే. కాలు పెట్టడానికి సందు లేదు. కూలికి వచ్చి తిరిగిపోతున్న ఆడవాళ్లు, బస్తాలు, ఏడుస్తున్న చంటిపిల్ల. వాటి మధ్య ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, జుట్టులో సుద్దపొడి, చీర మీద సుద్దపొడి, ఎవరు కాలు తొక్కినా తనలో తను నవ్వుకుంటూ ఆ పిన్నీసుల పిల్ల, అప్పటి నేను, నిలబడి ఉంది. హుజూర్‌నగర్‌లో చాలామంది దిగిపోయి సీట్లు ఖాళీ అయ్యాయి. ఆ సంగతి ఆమె గమనించలేదు. కోదాడ దాకా అలాగే నిలబడి వచ్చింది. ఇప్పుడు ఏ బస్సులోనైనా ఆమె కనపడితే, కాస్త పక్కకు జరిగి, "వచ్చి కూసో బిడ్డా, ఇంక చాన దూరముంది" అనాలనిపిస్తుంది.